మధ్య గేరు లెక్కలో లేదు, తెలుసా?

ఇలా కాస్త దగ్గరికి రండి! మూడు గేర్లు వరసగా పెట్టండి. మొదటిదానికి 10 పళ్లు, చివరిదానికి 40. మరి మధ్యదానికి ఎన్ని? 15 పెట్టండి. 25 పెట్టండి. పోనీ 100 పెట్టండి! చివరి గేరు వేగం వెంట్రుకవాసి కూడా మారదు! మొదటిది 4 చుట్లు తిరిగితే చివరిది 1 చుట్టు తిరుగుతుంది. అంతే. మధ్య గేరు లెక్కలోకే రాదు!

నమ్మకం కుదరలేదా? పళ్లు లెక్కపెట్టండి. మొదటి గేరు నిమిషానికి 60 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే నిమిషానికి 600 పళ్లు నెడుతుంది. మధ్య గేరు ఆ 600 అందుకుని, అటువైపు సరిగ్గా 600 అప్పజెబుతుంది. ఒక్కటి దాచుకోదు, ఒక్కటి కలపదు! ఇక 40 పళ్ల గేరు 15 చుట్లు తిరిగి తీరాల్సిందే. మధ్యది 25 పళ్లదైతే అది తిరిగేది 24 చుట్లు. 100 పళ్లదైతే 6 చుట్లే. అది దాని సొంత గొడవ! పెళ్లిళ్ల పేరయ్య లాంటిది ఈ గేరు. ఇటు మాట అటు చేరుస్తుంది, సంసారం మాత్రం ఆ ఇద్దరిదే!

లేతు షాపులో దీన్ని ఐడ్లర్ అంటారు. వేగం మార్చని గేరు ఎందుకండీ దండగ? ఆగండి! రెండు గేర్లు పళ్లు కలిపితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతాయి. మూడోది చేరిందా, మళ్లీ కుడికే! నాలుగోది ఎడమకు. వరసలో బేసి స్థానంలో ఉన్నవన్నీ ఒక వైపు, సరి స్థానంలో ఉన్నవన్నీ ఇంకో వైపు. 101వ గేరు ఎటు తిరుగుతుంది? చూడకుండానే చెప్పేయొచ్చు. మొదటిది ఎటో అటే!

ఇప్పుడు డోర్నకల్ జంక్షన్ ప్లాట్‌ఫాం మీదికి రండి. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే లైను ఇదే, భద్రాచలం రోడ్ వైపు పాయ చీలేదీ ఇక్కడే. ఎక్స్‌ప్రెస్ రైళ్లు లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజన్ ఎప్పుడైనా కనిపిస్తే చక్రాల మధ్యకు చూడండి. లోపల మోటారు ఇరుసుకు 20 పళ్ల గేరు. చక్రం ఇరుసుకు 72 పళ్ల గేరు. రెండూ నేరుగా కలిసే ఉంటాయి. అంటే రైలు ముందుకు పోతుంటే లోపల మోటారు వెనక్కి తిరుగుతోందన్నమాట! మోటారు 3.6 చుట్లకు చక్రం ఒక్క చుట్టు.

దాని తోటిదే డబ్ల్యూఏపీ-5. గంటకు 160 కిలోమీటర్ల పరుగుకు పెట్టింది పేరు! దాని గేర్ల లెక్క కాగితం మీద చూస్తే మూడు అంకెలు కనిపిస్తాయి: 67, 35, 17. రెండుండాల్సిన చోట మూడేంటి? మధ్యలో ఉన్న 35 మన ఐడ్లరే! 67ను 17తో భాగించండి. 3.94 వస్తుంది. అదే ఆ ఇంజన్ అసలు లెక్క. 35 ఎక్కడ పోయింది? ఆవిరి! మోటారునూ చక్రాన్నీ ఒకే వైపు తిప్పుతూ, రెండింటి మధ్య దూరాన్ని పూడుస్తూ, వెయ్యికి పైగా హార్స్‌పవర్ మోస్తుంది. లెక్కలో మాత్రం ఉండదు!

దూరం పూడ్చడం అన్నాను కదా, ఇది చిన్న విషయం కాదు. రెండు ఇరుసుల మధ్య 100 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 2 మాడ్యూల్ పళ్లతో, అంటే ఒక్కో పన్నుకు 2 మిల్లీమీటర్ల వ్యాసం లెక్కన, ఆ దూరాన్ని రెండే గేర్లతో నింపాలంటే ఒక్కోదానికి 50 పళ్లు కావాలి. అరచేయంత చక్రాలు! అదే మధ్యలో ఐడ్లర్ పెడితే? 20, 30, 20 చాలు. ఇనుము ఎంత మిగులుతుందో చూశారా! పైగా ఐడ్లర్‌ను కాస్త పైకో కిందికో జరిపి ఇరుసుల దూరాన్ని సర్దుకోవచ్చు. ఇంట్లో తయారు చేసేవాళ్లకు ఇదే పెద్ద వరం. కొలత తప్పినా మధ్య గేరు కడుపులో పెట్టుకుంటుంది!

ఇంట్లో తయారీయా? డబ్బు ఖర్చే లేదు! కూల్‌డ్రింక్ సీసా ఇనుప మూత ఉంది కదా, ఓపెనర్‌తో తీసేది. దాని అంచు మడతలు లెక్కపెట్టండి. 21! ఏ కంపెనీ సీసా అయినా, ఏ ఊళ్లో కొన్నా 21! అమెరికాలో విలియం పెయింటర్ 1892లో పేటెంట్ తీసుకున్న మొదటి మూతకు 24 ఉండేవి. తర్వాత 21కి తగ్గాయి. అంటే ప్రపంచమంతటా ఒకే కొలత గేర్లు రోడ్ల పక్కన ఊరికే పడి ఉన్నాయన్నమాట! రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్లో వీటికి కరువుంటుందా?

ఒక చెక్కపలక, 7 మూతలు, 7 సన్న మేకులు. మూత నడిమధ్య బెజ్జం కొట్టాలి. నడిమధ్య ఎలా తెలుస్తుంది? కాగితం మీద మూత చుట్టూ గీత గీసి, కత్తిరించి, రెండుసార్లు మడవండి. మడతలు కోసుకున్న చోటే కేంద్రం! ఆ కాగితాన్ని మూత మీద పెట్టి, కింద చెక్కముక్క ఉంచి, మేకుతో ఒక్క దెబ్బ. బెజ్జం మేకు కంటే పిసరంత వదులుగా ఉండాలి. తర్వాత మూతల్ని పలక మీద వరసగా మేకులతో నిలబెట్టండి, ఒకదాని మడతలు ఇంకోదాని సందుల్లో పడేలా. మేకుల మధ్య సుమారు 3 సెంటీమీటర్లు వస్తుంది. మొదటి మూతను వేలితో తిప్పండి. ఏడోది అటే తిరుగుతుంది! మధ్యలో ఐదు ఐడ్లర్లు పని చేస్తున్నాయి, ఒక్కటీ వేగం మార్చలేదు!

ప్రతి మూత మీదా నెయిల్‌పాలిష్‌తో ఒక చుక్క పెట్టి చూడండి. అన్నిటికీ 21 పళ్లే కాబట్టి ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఏడు చుక్కలూ మొదలుపెట్టిన చోటికే ఒక్కసారిగా వచ్చేస్తాయి! పిల్లలు చప్పట్లు కొట్టేది ఇక్కడే. పెద్దలు కూడానూ, ఒప్పుకోరు గానీ!

బెజ్జం పక్కకు పోయిందా? ఒక్క మిల్లీమీటరే కదా అనుకోకండి! ఆ మూత చుట్టులో ఒకసారి పక్కదాన్ని 1 మిల్లీమీటరు నెడుతుంది, అర చుట్టు పోయాక 1 మిల్లీమీటరు దూరం జరుగుతుంది. మొత్తం తేడా 2 మిల్లీమీటర్లు! ఒకచోట బిగుసుకుంటుంది, ఇంకోచోట జారిపోతుంది. ఇంటి గేర్లు పాడయ్యేది నూటికి తొంభైసార్లు పళ్ల వల్ల కాదు, బెజ్జం వల్లే అని నా గట్టి నమ్మకం.

ఇంకో తమాషా! మొదటి మూతను ఒకసారి ముందుకు తిప్పి, టక్కున వెనక్కి తిప్పండి. ఏడోది వెంటనే కదలదు! ప్రతి జోడు దగ్గరా కాస్త ఖాళీ ఉంటుంది. ఒక్కోచోట అర మిల్లీమీటరనుకుంటే, 6 జోళ్లకు 3 మిల్లీమీటర్లు! ఆ ఖాళీ అంతా నిండాకే చివరి మూతకు కబురు అందుతుంది. లేతు షాపుల్లో దీన్ని బ్యాక్‌లాష్ అంటారు. ఐడ్లర్లు పెంచుకుంటూ పోతే ఈ బద్ధకమూ పెరుగుతుంది.

అట్టపెట్టె గేరు తెలుసా? టీవీ పెట్టె అట్ట తీసుకోండి. ఒక వైపు కాగితం తడిపి ఊడబీకండి. లోపల అలలు అలలుగా పళ్లు! ఆ పట్టీని డబ్బా మూత చుట్టూ, అలలు బయటికి వచ్చేలా అంటించండి. గేరు రెడీ! పెద్ద మూతకు పెద్ద గేరు, చిన్న మూతకు చిన్న గేరు. కానీ దీన్ని సోడా మూతతో కలపబోయారో, పళ్లు పడవు! సోడా మూత పన్నుకూ పన్నుకూ మధ్య 5 మిల్లీమీటర్లు కూడా లేదు, అట్ట అలలకు అంతకంటే ఎక్కువ. ఐడ్లర్ ఎంత పెద్దదైనా, చిన్నదైనా ఫర్వాలేదు. పన్ను సైజు మాత్రం కలవాల్సిందే! దానికున్న షరతు అదొక్కటే.

ఇప్పుడు ఒక మెలిక! మధ్య మేకుకు ఒకటి కాదు, రెండు గేర్లు ఒకదాని మీద ఒకటి అంటించండి. కింద 40 పళ్లది, పైన 10 పళ్లది. మొదటి 10 పళ్ల గేరు కింది 40ని తిప్పుతుంది, పైనున్న 10 వెళ్లి చివరి 40ని తిప్పుతుంది. ఇప్పుడు లెక్క ఎంతో తెలుసా? 16! మొదటిది 16 చుట్లు తిరిగితే చివరిది 1. ఇందాకటి 4 ఎక్కడ, ఈ 16 ఎక్కడ! ఒకే మేకు, ఒకే చోటు. కానీ ఇది ఇక ఐడ్లర్ కాదు. చేయి తిరిగిన మెకానిక్కు కూడా ఒక్కోసారి ఇక్కడే తిరకాసు పడుతుంది.

పాత లేతు మిషన్ పక్కన మూలలో ఒక పెద్ద గేరు దుమ్ము కొట్టుకుని కనిపిస్తే దాని పళ్లు లెక్కపెట్టండి. 127 ఉంటే అది బంగారం! అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 5తో గుణించండి. 127! అంగుళాల లెక్కలో చేసిన లేతు మీద మిల్లీమీటర్ల మరలు కోయాలంటే ఈ గేరే తాళంచెవి. వెంట్రుకవాసి తప్పు రాదు. కానీ దాన్ని ఒంటరిగా ఐడ్లర్‌లా మధ్యలో పెట్టారో? గోవిందా! 127 లెక్కలోంచి మాయం! అదే ఇరుసుకు ఇంకో గేరు జోడిస్తేనే అది పని చేస్తుంది.

అదే లేతుకు ముందువైపు ఒక చిన్న లివరు ఉంటుంది. పైకి లేపితే కుడి మర, కిందికి దింపితే ఎడమ మర! లోపల ఉన్నవి రెండే రెండు ఐడ్లర్లు. లివరు ఒకవైపుంటే ఒక ఐడ్లర్ మాత్రమే వరసలోకి వస్తుంది, ఇంకోవైపుంటే రెండూ వస్తాయి. ఒక గేరు పెరిగితే దిక్కు తిరగబడుతుంది కదా! మోటారు ఆపాకే లివరు మార్చాలి, కానీ దాని దిక్కు మార్చక్కర్లేదు.

కారు వెనక్కి వెళ్లేటప్పుడు "వూఁ..." అని ఏడుస్తుంది, విన్నారా? చాలా కార్లలో ఆ ఏడుపు ఐడ్లర్‌దే! ఇంజను ఎప్పుడూ ఒకేవైపు తిరుగుతుంది. రివర్స్ వేయగానే మధ్యలోకి 1 గేరు అదనంగా జారి కూర్చుంటుంది, అంతే, బండి వెనక్కి! ముందుకు నడిపే గేర్ల పళ్లు ఏటవాలుగా ఉంటాయి, మెత్తగా కలుస్తాయి. రివర్స్ పళ్లు మామూలుగా నిట్టనిలువు. పన్ను మీద పన్ను ఠక్కుఠక్కున పడుతుంది. అదీ ఆ సంగీతం!

గోడ గడియారంలో పెద్ద ముల్లు, చిన్న ముల్లు ఒకేవైపు తిరుగుతాయి. ఎందుకో ఎప్పుడైనా అడిగారా? రెండూ ఒకే బెజ్జంలోంచి వస్తాయి. కానీ మధ్యలో పక్కన ఒక దొంగ ఇరుసు ఉంది! పెద్ద ముల్లు దాన్ని తిప్పుతుంది, అది చిన్న ముల్లును తిప్పుతుంది. దిక్కు రెండుసార్లు తిరగబడి మళ్లీ మొదటికొస్తుంది. దానికి జంట గేర్లు ఉంటాయి కాబట్టి 12 చుట్లు 1 చుట్టుగా తగ్గుతాయి. ఆ ఇరుసు లేకపోతే చిన్న ముల్లు కదలనే కదలదు!

గోడకు బెజ్జం కొట్టే బ్యాటరీ డ్రిల్లు ఇంట్లో ఉందా? దాని కడుపులోనూ ఐడ్లర్లే! మధ్యలో ఒక చిన్న గేరు, చుట్టూ లోపలివైపు పళ్లున్న వలయం, ఈ రెండింటి మధ్య తిరుగాడే గేర్లు. మధ్యదానికి 20 పళ్లు, వలయానికి 60 ఉన్నాయనుకోండి. వలయాన్ని కదలకుండా పట్టి ఉంచితే వేగం 4 రెట్లు తగ్గుతుంది. మధ్యలో తిరుగాడే గేర్ల పళ్లు? సూత్రంలోనే లేవు!

మెకానిక్‌ను కంగారుపెట్టే ముచ్చట ఒకటి చెప్పనా? కొన్ని డీజిల్ ఇంజన్లలో పిస్టన్లు తిప్పే క్రాంకుకూ, వాల్వులు తెరిచే క్యామ్‌కూ మధ్య ఐడ్లర్ ఉంటుంది. మూడింటి మీదా గుర్తులు గీసి ఉంటాయి. గుర్తులు కలిపి బిగించి, ఇంజన్ రెండు చుట్లు తిప్పి చూస్తే... క్యామ్ గుర్తు వచ్చింది, ఐడ్లర్ గుర్తు ఎక్కడికో పోయింది! తప్పు బిగించామా? కాదు! క్రాంకుకు 30 పళ్లు, ఐడ్లర్‌కు 47, క్యామ్‌కు 60 అనుకుంటే, మూడు గుర్తులూ మళ్లీ కలవడానికి క్రాంకు 94 చుట్లు తిరగాలి! అంత ఓపికగా చేత్తో తిప్పేదెవరు? క్రాంకు, క్యామ్ సరిగ్గా ఉన్నాయంటే చాలు, ఇంజన్ స్టార్ట్ చేయొచ్చు.

లెక్కలో లేదని దాన్ని చులకనగా చూడకండి, అసలు దెబ్బలన్నీ తినేది అదే! మామూలు గేరు పన్నుకు చుట్టులో ఒకసారే ఒత్తిడి, అదీ ఒకే వైపు. ఐడ్లర్ పన్నుకు రెండుసార్లు! ఒకసారి ఈ చెంప, ఒకసారి ఆ చెంప. పన్ను అటూ ఇటూ వంగి వంగి అలసిపోతుంది. అందుకే ఇంజనీర్లు ఐడ్లర్ పన్ను బలాన్ని మామూలు గేరులో 70 శాతంగానే లెక్కగడతారు. అదే ఇనుము, అదే సైజు, అయినా 30 శాతం కోత!

ఇరుసు కష్టం ఇంకా ఘోరం! మూడు గేర్లూ తిన్నగా ఒకే గీత మీద ఉంటే, మొదటిది ఐడ్లర్‌ను ఒకవైపు నెడుతుంది. మూడోది మొరాయిస్తూ దాన్ని అదే వైపు నెడుతుంది! రెండూ కలిసి ఇరుసు మీద 2 రెట్ల బరువు. మీ సోడా మూతల పలక మీద ముందుగా వంగేవి మధ్య మేకులే, చూసుకోండి. అక్కడ లావు మేకులు కొట్టండి!

ఊరికే పోయే శక్తి ఎంతో? బాగా చేసిన గేర్ల జోడు దగ్గర 2 శాతం దాకా పోయిందనుకుందాం. ఒక జోడుకు ఫర్వాలేదు. అదే 10 జోళ్లు వరసగా పెడితే 18 శాతం గల్లంతు! సోడా మూతల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. కొవ్వొత్తి మైనం రాయండి, కాస్త నయం.

మూడు మూతల్ని వరసగా కాకుండా త్రికోణంగా పెట్టండి. ప్రతిదీ మిగతా రెండింటినీ తాకాలి. ఇప్పుడు తిప్పండి. తిరగదు! బలం పెట్టండి. ఊహూఁ! మొదటిది కుడికి, రెండోది ఎడమకు. మూడోది ఎటు తిరగాలి? మొదటిదాని కోసం ఎడమకు, రెండోదాని కోసం కుడికి. పాపం, ఎటూ తిరగలేక నిలబడిపోతుంది. నాలుగింటిని గుండ్రంగా పెట్టండి, జుయ్‌మని తిరుగుతాయి! వలయంలో సరి సంఖ్య నడుస్తుంది, బేసి సంఖ్య బిగుసుకుంటుంది.

ఈ సంగతి ఒక ప్రభుత్వ టంకశాల నాణెం మీదే బోల్తా కొట్టింది! 1998లో బ్రిటన్ విడుదల చేసిన రెండు పౌండ్ల నాణెం మీద యంత్రయుగానికి గుర్తుగా గేర్ల వలయం చెక్కారు. ఎన్ని గేర్లు? 19! బేసి! ఆ వలయం జన్మలో తిరగదు! లక్షల జేబుల్లో తిరిగింది, తను మాత్రం తిరగలేదు.

గేర్లు కొత్తవేం కావు. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడ నుంచి 1901లో బయటికి తీసిన ఆంటికిథెరా యంత్రంలో 30 కంచు గేర్లు దొరికాయి. సుమారు 2000 ఏళ్ల నాటివి! పళ్లు ఎలా ఉన్నాయో తెలుసా? తిన్నని త్రికోణాలు, చేత్తో కోసినవి. మీ పిల్లాడు అట్ట మీద కత్తెరతో కోసినట్టే!

చెరుకు రసం బండి దగ్గర రసం తాగుతూ ఓసారి పక్కన గేర్లు చూడండి. రోలర్లు ఎదురెదురుగా తిరిగితేనే చెరుకు లోపలికి పోతుంది. పాత ఎడ్ల గానుగలో నిలువుగా 3 రోలర్లు ఉండేవి. ఎడ్లు తిప్పేది నడిమిదాన్ని. అది పక్క రెండింటినీ ఒకేవైపు తిప్పుతుంది. చెరుకును మొదటి సందులో ఇటు నుంచి పెడితే అటు వస్తుంది, ఆ పిప్పినే రెండో సందులో అటు నుంచి పెడితే మళ్లీ ఇటు వస్తుంది! ఒకే చెరుకుకు రెండు పిండుళ్లు. ఇక్కడ మధ్యది ఐడ్లర్ కాదు, అదే పెత్తందారు!

ఆ గానుగ చెప్పిన రహస్యమే మీ వేళ్లకూ వర్తిస్తుంది. మూడు గేర్లు వరసగా తిరుగుతుంటే, మొదటి జోడు పైనుంచి లోపలికి లాక్కుంటుందనుకోండి, రెండో జోడు కింది నుంచి లాక్కుంటుంది! పైన చూసి జాగ్రత్తపడ్డ చెయ్యి కిందివైపు ఇరుక్కుంటుంది. ఐడ్లర్ ఉన్న చోట లాక్కునే మూలలు 2, ఒకటి పైన, ఒకటి కింద. కాబట్టి సోడా మూతలతో ఎంతైనా ఆడుకోండి. చెరుకు బండి దగ్గరైనా, గడ్డి కోసే మిషన్ దగ్గరైనా గేర్ల మీద రేకు కప్పు లేకపోతే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. కప్పు వేయించమని బండి ఆయనకు ఒక్క మాట చెప్పండి!